ముసలి గుర్రానికి బెల్లం ముక్క

కోటబొమ్మాళి, శుక్రవారం

ముసలి రాజా ఈరోజుతో జట్కా లాగడం మానేసింది. స్టేషను నుంచి దాని చివరి బేరం నాదే. ఎప్పటిలాగే కిరాణా కొట్టు ముందు ఆగిపోయింది. నా భార్య జానకి ఉన్నప్పుడు అక్కడ దిగి దానికి బెల్లం పెట్టేది. బండివాడు అప్పన్న అదిలించాడు, బతిమాలాడు. అది కదల్లేదు.

"అమ్మగోరు పోయి ఏడాదైనాదని దీనికెవులు సెప్తారు? మీరే సెప్పండి బావూ!"

నేనే దిగి బెల్లం కొన్నాను. అది తిని, నా జేబు కూడా వాసన చూసి, అప్పుడు నడిచింది.

రేపు సంతలో అమ్మేస్తాడట. ఇంత ముసలిదాన్ని కొనేవాడు మేత పెడతాడా? నాకిచ్చెయ్ అనేశాను.

"మీ వంట మీకే దిగదు, దీనికేటి పెడతారు బావూ?" అని నవ్వుతూనే ఒప్పుకున్నాడు.

పెరట్లో జానకి వేసిన చిక్కుడు పాదు ఉంది. రాజా ఒక్క పూటలో మేసేస్తుంది. రేపు పొద్దున్నే, అది వచ్చేలోగా, పాదు చుట్టూ కంచె కడతాను.