రబ్బరు బ్యాండు తెగిన డబ్బా

షెరిడన్,
జూన్ నెల, మంగళవారం మధ్యాహ్నం

ప్రియమైన లైల్ అన్నయ్యకి,

నీ చెల్లెలు వెర్నా రాస్తోంది. కుశల ప్రశ్నలు తర్వాత. ముందు ఒక పని చెయ్యి. ఈ కాగితం చేతిలో పట్టుకునే, నువ్వు పడుకునే కాపరి బండిలోకి వెళ్ళు. పోయినసారి ఆన్సెల్మో తాత కంచరగాడిదల మీద సామాన్లతో కొండపైకి తెచ్చిన తూటాల పెట్టె నీ మంచం కింద ఉంటుంది. మూత మీద నాన్న నీలం పెన్సిలుతో కొయోటీ నక్క తోక గీశాడే, అదే. దాన్ని తాతకి ఇచ్చెయ్యి. రైఫిల్లో ఒకటి ఎక్కించి ఉంటే మెల్లిగా బయటికి తీసి అదీ ఇచ్చెయ్యి. గాల్లోకి కాల్చి ఖాళీ చెయ్యొద్దు. అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఒక్కటి కూడా కాల్చొద్దు. ఆ పని చేసొచ్చి మిగతాది చదువుకో.

చేశావా? లేదు. గడ్డం గోక్కుంటూ "మా పిరికిపిల్లకి మళ్ళీ ఏదో పీడకల వచ్చింది" అని నీ కుక్క టిప్‌కి చెబుతూ నిలబడ్డావు. నాకు తెలుసు. అందుకే తాతతో నోటిమాట ఒక్కటే పంపడానికి ధైర్యం చాలలేదు. ఆయన చెబితే "మా నాన్న ఆర్విల్ థేయర్ కట్టిన తూటా తప్పవుతుందా తాతా, ఎండ దెబ్బ తగిలిందా నీకు?" అని నవ్వి పంపిస్తావు. నేనే వద్దామనుకున్నాను. మంచు కరిగిన నీళ్ళకి ఏటి మీద కింది వంతెన కొట్టుకుపోయింది. పై రేవు దాటాలంటే తాత కంచరగాడిదలే గతి. నన్నూ తీసుకెళ్ళమని అడిగితే, "నువ్వొస్తే నిన్ను చూసుకోవాలి, నిన్ను చూసుకుంటూ పోతే ఆలస్యం. నీ భయాన్ని కాగితం మీద పెట్టివ్వు, దాన్నైతే జేబులో మోసుకుపోతాను" అన్నాడు. పిండీ బీన్సూ కొనుక్కుని వస్తానని అంగడికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోగా రాయాలి.

ఇక్కడ మేమందరం కులాసా. నువ్వూ టిప్పూ గొర్రెల మందా క్షేమమని తలుస్తాను. ఇన్నాళ్ళూ ఈ రెండు మాటలూ చెయ్యి దానంతటదే రాసేది. ఇవాళ ఒక్కో అక్షరం దగ్గరా ఆగింది.

ముందు నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబు రాస్తాను. ఎర్రగుర్రం కాలు నయమైంది, కుంటడం లేదు, కరవడం మాత్రం మానలేదు. అమ్మ పుల్లటి రూబార్బ్ కాడలతో చేసే జాము ఈ ఏడాదీ గట్టిపడలేదు. "జాము కాదు, పానకం అనుకుని తాగండి" అంటోంది. నా డెన్వర్ ఉద్యోగం సంగతి అడిగావు. లారమీలో అంత చదువు చదివి ఇంట్లో కూర్చుని గొర్రెపిల్లలకి సీసాతో పాలు పడుతున్నానని నువ్వు ఏడిపించనక్కర్లేదు, నన్ను నేనే ఏడిపించుకుంటున్నాను. పిలుపు వచ్చింది. ఇప్పుడు వెళ్ళలేను. ఎందుకో కింద రాస్తాను.

ఇక నువ్వు రాసిన ఆఖరి మాట. "నాన్న పంపిన తూటాలు అద్భుతం. అవతలి గట్టు మీద కాఫీ డబ్బా మూత పెట్టి మూడు కాల్చాను, మూడూ బొటనవేలు మూసేంత చోట తగిలాయి" అన్నావు. ఆ మాట చదివి నాన్న ఆ పూటంతా ఈల వేశాడు. ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వనిది ఆ మాటే. మూడు బాగున్నాయంటే నాలుగోది బాగుంటుందని కాదు. ఒక్కో తూటాలో ఒక్కోలా ఉంది లోపలి తుపాకీమందు.

నాన్న తూటాలు కట్టే బల్ల దగ్గర కట్టుబాట్లు నీకు తెలుసు, చిన్నప్పుడు మనిద్దరం వాటికే దెబ్బలు తిన్నాం. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా. ఎవరైనా మాట్లాడించారా, చేస్తున్నది ఆపి మళ్ళీ మొదటినుంచీ. పని అయిపోయాక కొలత గొట్టంలో మిగిలిన మందు ఏ డబ్బాలోంచి వచ్చిందో ఆ డబ్బాలోకే. రైఫిలుది మెల్లిగా కాలే మందు, అమ్మ రివాల్వరుది గుప్పున అంటుకునే మందు. "ఒకటి తోస్తుంది, ఒకటి గుద్దుతుంది. రెండూ కలిస్తే చంపుతాయి" అని ఎన్నిసార్లు అనలేదు?

వసంతంలో ఒకరోజు అమ్మ, పాముల కోసం రివాల్వరుకి తూటాలు కావాలంది. నాన్న కట్టిచ్చాడు. గొట్టంలో మిగిలిన మందుని తిరిగి డబ్బాలో పోశాడు. రైఫిలు మందు డబ్బాలో పోశాడు. ఆ తర్వాత ఆ డబ్బాలోంచే నీకు పెట్టెడు, తనకి గుప్పెడు కట్టాడు.

నాన్న అలా ఎలా చేస్తాడని కదూ అడుగుతావు? నేనూ అదే అడిగాను. ఆదివారం సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి ఆ డబ్బాలోంచి చెంచాడు మందు అమ్మ తెల్ల పింగాణీ పళ్ళెంలో పోశాను. పెన్సిలు ములుకు తునకల్లాంటి సన్నటి పుల్లలు ఉండాలి. వాటి మధ్య మిరియాల పొడిలా చిన్న చిన్న చదును బిళ్ళలు. చంటిపిల్లాడు కూడా పోల్చుకుంటాడు. నాన్న పోల్చుకోలేదు.

బల్ల కింద దుమ్ములో తెగిపోయిన రబ్బరు బ్యాండొకటి దొరికింది, ఎండి, చిట్లి. అమ్మని అడిగితే, "అది రివాల్వరు డబ్బాకి ఉండేదే. పోయిన శీతాకాలం నుంచీ వేస్తున్నాడు" అంది. డబ్బా మీద అంత పెద్ద అక్షరాలతో పేరుంటే రబ్బరు బ్యాండు ఎందుకన్నయ్యా? చదవగలిగేవాడికి గుర్తులెందుకు? బ్యాండు తెగి పడిపోయింది. వేళ్ళకి తగల్లేదు. తగలని డబ్బాలో పోశాడు.

పైన మేమందరం కులాసా అని రాశాను. అది అబద్ధం. నీకు చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. "చెబితే వాడు మందని వదిలేసి దిగొస్తాడు, కొయోటీలు పండగ చేసుకుంటాయి" అన్నాడు. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

ఆదివారం పొద్దున గడ్డి మడిలో నేల ఉడుతల కోసం నాన్న కంచె పక్కన బోర్లా పడుకున్నాడు. గుర్రాల కాళ్ళు ఆ బొరియల్లోనే కదా విరుగుతాయి. నేను కాఫీ పట్టుకెళ్తున్నాను. ఆ రైఫిలు చప్పుడు కొరడా జాడించినట్టు ఉంటుంది. ఆరోజు ఇనుప తలుపు మూసుకున్నట్టు వినిపించింది. నాన్న అరవలేదు. లేచి కూర్చుని, మొహం మీద చెయ్యి పెట్టుకుని, "అమ్మడూ, రైఫిలు చూడు, దానికేమైనా అయిందేమో" అన్నాడు. వేళ్ళ సందులోంచి నెత్తురు కారుతోంది. రైఫిలు వెనకభాగం చీలిపోయింది.

షెరిడన్ ఆసుపత్రిలో ఉన్నాం. కుడి కంటికి కట్టు వేశారు, నిలుస్తుందో లేదో వారం పోతే గాని చెప్పలేమన్నారు. ఎడమ కన్ను సంగతి డాక్టరు అడిగితే, "అదా, అది మంచిదే" అన్నాడు నాన్న. డాక్టరు దాని ముందు వేళ్ళు పెట్టి ఎన్నని అడిగాడు. నాన్న, "మీరు ముందు మీ చెయ్యి కడుక్కోండి" అన్నాడు. అమ్మ నవ్వబోయి ఏడ్చింది.

ఆ తర్వాత కూడా ఒప్పుకోలేదు. "తూటా ఇత్తడి తొడుగు పాతది, అలిసిపోయింది, అంతే. లైల్‌వి కొత్త తొడుగులు. వాణ్ణి భయపెట్టకండి" అంటాడు. ఈ రెండ్రోజులూ నువ్వు అక్కడ ఆ పెట్టెతో కొయోటీల మీదికి గురి పెడుతుంటావు, చెంప రైఫిలుకి ఆనించి. ఆ బొమ్మే నా కళ్ళ ముందు. ఎక్కడ ఏ తలుపు మూసుకున్నా ఉలిక్కిపడుతున్నాను.

ఇవాళ పొద్దున ఆ పళ్ళెం ఆసుపత్రికి తెచ్చాను. నాన్న వేళ్ళు పట్టి అందులో పెట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ మందుని నలుపుతూ కూర్చున్నాడు. పుల్లలు, బిళ్ళలు. పుల్లలు, బిళ్ళలు.

"ఇది ఏ డబ్బాలోది?"

"లైల్ పెట్టెకి పోసిన డబ్బాలోది నాన్నా."

"ఆన్సెల్మో వెళ్ళిపోయాడా?"

"లేదు, ఊళ్ళోనే ఉన్నాడు."

"మరి నా మొహం చూస్తూ నిలబడ్డావేం! రాయి! వాడు నీ మాట వినడు, వెధవ. పెన్సిలు ఇలా తే."

"నీ సంతకం కింద చోటు వదులు, నేను కూడా రాస్తాను" అన్నాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఓపిగ్గా చదువు. నేను సరిచెయ్యను.

తాత వరండా చివర టోపీ ఊపుతున్నాడు. నాకు జవాబు రాస్తూ కూర్చోవద్దు. ఆ పెట్టె పంపు చాలు. రేవు ఇవతల నేనే నిలబడి ఉంటాను. జీనుకి ఆ నీలం తోక పెట్టె కనబడేదాకా నేను ఊపిరి పీల్చుకోను.

ఇట్లు,
నీ పిరికి చెల్లెలు,
వెర్నా

లైల్, కాల్చకు. గొర్రెలు పోతే పోనీ. అది చెప్పింది నిజం. నాకు కళ్ళు కనబడటం లేదురా. చాన్నాళ్ళయింది.
నాన్న