ఆఫీసరు ముందర కల్లు

శింగనమల, మార్చి 1978

ప్రియమైన ఓబుళేసూ,

ఈ జాబు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఇన్‌లాండ్ కవరు కొన్నాక వృథా ఎందుకని రాస్తున్నాను. నువ్వు రైల్వేలో రిటైరై గుంతకల్లులో కూర్చున్నావు, నేను ఈ కల్లంగడిలో. మా ఆడది ఆంజినమ్మ పోయాక ఇంట్లో మాట్లాడేది గోడగడియారమొక్కటే. అదీ నిరుడు ఆగిపోయింది. సాయంత్రం నలుగురు ముంతలు పట్టుకుని రాని వానను తిట్టుకుంటుంటేనే నాకు పొద్దుపోయేది. ఇప్పుడు ఆబ్కారీ వాళ్ళు గడ్డి కప్పిన ఈ బోదకొట్టం పనికిరాదు, రాతిగోడలు కట్టకపోతే లైసెన్సు మళ్ళీ ఇచ్చేది లేదంటున్నారు. చిన్న అంగళ్ళకు బ్యాంకు అప్పిస్తుందట, మనం కట్టలేకపోతే సర్కారుదే పూచీ. నాకు పూచీ పడే మనిషి ఇంతవరకు దొరకలేదు, ఏకంగా సర్కారే దొరికింది. బ్యాంకు ఆఫీసరు వచ్చి బేరం ఎలా సాగుతుందో చూస్తాడట. ఏం చేయమంటావు?

నీ తిప్పేస్వామి

గుంతకల్లు, ఏప్రిల్

ప్రియమైన తిప్పేస్వామీ,

అంగడి నిండుగా కనబడాలి. ఊరందరినీ పిలువు. ఈ వీధిలో అందరూ డ్యూటీ టైము చూసుకునేవాళ్ళే, నన్ను చూసేవాళ్ళు లేరు. అప్పు రాకపోతే వచ్చి నా గదిలో ఉండు. నువ్వు వస్తే బాగుండు కూడా. కానీ అలా కోరుకోకూడదు కదా.

నీ ఓబుళేసు

శింగనమల, మే

ప్రియమైన ఓబుళేసూ,

నీ మాట ప్రకారం అందరినీ పిలిచాను. ఆఫీసరుకు కుర్చీ అరువు తెచ్చాను. ఆ కుర్చీ ఇదివరకు ఇద్దరు పెళ్ళికొడుకులను కింద పడేసింది, ఆ కథ ఇంకోసారి. కొట్టంలో కాలు పెట్టే చోటు లేదు, అందరూ ఉతికిన చొక్కాలు. ఆయన గోదావరి వైపు కుర్రవాడు. లోపలికి రాగానే అందరూ లేచి, ముంతలు వీపు వెనక దాచుకున్నారు.

"కూర్చోండి, తాగండి" అన్నాడు.

"యాడన్నా ఉండాదా సామీ! పెద్దోళ్ళ ముందర తాగేదా?" అన్నాడు కొండప్ప.

"నేను మీకంటే చిన్నవాణ్ణి కదండీ."

"వయసు కాదు సామీ, కుర్చీ!"

గుగ్గిళ్ళమ్మే గంగక్క, "ఏమప్పా, అయ్య తినేదాకా ఎవురూ ముట్టొద్దండి" అని గద్దించింది. ఆయన నాలుగు గింజలు నోట్లో వేసుకుని, చాలాసేపు అందరినీ చూస్తూ కూర్చుని వెళ్ళాడు. అంతసేపూ ఒక్కరు గుటక వేయలేదు. ఇంత మర్యాదగల అంగడి ఆయన ఎక్కడా చూసి ఉండడు. అప్పు వచ్చినట్టే.

నీ తిప్పేస్వామి

శింగనమల, నవంబరు

ప్రియమైన ఓబుళేసూ,

అప్పు రాలేదు. జనం ఉన్నారు, అమ్మకం లేదు అన్నారు బ్యాంకులో. లైసెన్సూ పోయింది. కొట్టం పీకేశాను. కొండప్పవాళ్ళు పిలిస్తే వస్తారు, కానీ చేతిలో ముంత లేకపోతే మాట సాగదు, కాసేపటికే లేస్తారు. నీ గది సంగతి ఆలోచిస్తున్నాను.

నిన్న సాయంత్రం ఆ ఆఫీసరు బస్సు దిగి వచ్చాడు. బదిలీ అయిందట.

"చూసిందే రాశానండీ, అబద్ధం రాయలేదు" అన్నాడు. మళ్ళీ తనే, "ఈ జిల్లాకొచ్చాక అంతమంది మధ్య కూర్చున్నది ఆ ఒక్కరోజే. ఎవరైనా నాతో కలిసి తాగుతారేమోనని చూశాను. ఇప్పుడొక ముంత ఇస్తారా?" అన్నాడు.

"అంగడి యాడుండాది సామీ?" అన్నాను.

కడవలో నీళ్ళు ముంచి ఇచ్చాను. నా పక్కనే అరుగు మీద కూర్చుని తాగాడు. బస్సొచ్చింది. ఎక్కి వెళ్ళిపోయాడు.

నీ తిప్పేస్వామి