గుడి వాకిట కొత్త బోర్డు

నాన్నా,

గుడిలో కాల్పులు జరిగి, నువ్వు పోయి నేటికి ఏడాది. మన తామ్వే పేటలో చప్పుడు లేని వాన. గుడి వాకిలి నీళ్ల మీద తేలుతున్నట్టుంది. నువ్వు కూర్చుని చెప్పులు కాసిన చోట పొద్దున కొత్త బోర్డు కట్టారు. తుపాకీ బొమ్మ, దాని మీద ఎర్ర గీత.

"ఇక్కడెవరి దగ్గిరా తుపాకీ నేదని మనమే సెప్పినట్టు కాదేటి? ఆ రోజొచ్చినోడిలాటోడు ఎదురు కాల్చీవోళ్లు నేని సోటే ఎతుక్కుంటాడు," అన్నాడు గుడి కమిటీలో ఉన్న రాజన్న, ఇక్కడివాళ్ల పిలుపులో కో రాజు.

"అప్పుడీ బోర్డు నేదు గదా. వాడు రానేదేటి?" అంది అత్త.

ఇద్దరూ నా వైపు చూశారు. వాడు మన గుడినే ఎందుకు ఎంచుకున్నాడో నాకేం తెలుసు? ఆ రోజు వాడి చెప్పులు నీ అరలో జతగా ఉన్నాయని మాత్రం తెలుసు. అందరిలాగే విప్పి, నీ చేతికిచ్చి, భుజాన సంచీతో లోపలికెళ్లాడు.

నా కలలో నువ్వు వాడికి చెప్పుల బిళ్ల ఇస్తూ భుజానున్న సంచీకేసి చూస్తావు. "అదీ ఇక్కడెట్టీసి ఎల్లు బాబూ," అంటావు. వాడు పెట్టేస్తాడు. దాన్ని చెప్పుల పక్కన సర్ది, ఇంకో బిళ్ల ఇస్తావు.

కలలో వాడు ఒక్కసారి కూడా కాదనలేదు నాన్నా.