ఆగాల్సిన చోట

ప్రియమైన అక్కా,

ఈ పొద్దున మా ప్రయోగశాల సొరంగంలోకి మొదటిసారి ఎలక్ట్రాన్ల పుంజం వచ్చింది. బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన హైడ్రోజన్ మీదికి వాటిని వదులుతాం. కొన్ని అందులోని ప్రోటాన్లను ఢీకొని పక్కకు చెదురుతాయి. ఏ వైపు, ఎంత జోరుగా చెదిరాయో చూసి లోపలేముందో పోల్చుకుంటాం. లోపల క్వార్కులని మూడు రేణువులుంటాయి. వాటి బరువంతా కలిపినా ప్రోటాన్ బరువులో నూరో వంతుకు అటూ ఇటూ! మిగతాదంతా వాటి ఉరుకులాట, వాటిని విడిపోనివ్వని బలం. అంటే నువ్వూ, నేనూ, నువ్వు నడిపే బస్సూ దాదాపుగా కదలికేనక్కా!

నీ చెల్లి

ప్రియమైన బుజ్జీ,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ బావ, "మరి కదలకుండా కూర్చున్న నాకింత బరువెక్కడిదే?" అన్నారు. బస్సుకు కొన్నాళ్లు సెలవు పెట్టాను. ఒక్క మాట చెప్పు. ఆ ప్రోటాన్లనే మనిషి ఒంట్లోకి వదిలితే, ఆగమన్న చోట ఆగుతాయా? తొందరేం లేదు. అయినా త్వరగా రాయి.

అక్క

అక్కా,

ఆగుతాయి. ఎంత వేగంతో వదిలితే అంత లోతుకే వెళ్తాయి. దారిలో కొద్దికొద్దిగా శక్తిని వదులుతూ పోయి, ఆగబోయే ముందు మిగిలిందంతా ఒక్కసారిగా దింపేస్తాయి. ఆ వెనకున్నదాని జోలికి పోవు.

ఇంతవరకూ హుషారుగా రాసి, నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నీకు సెలవేమిటి? ఫోన్ చేస్తే పట్టపగలు "పడుకుంది" అంటారు బావ. నిజం చెప్పవూ?

నీ చెల్లి

బుజ్జీ,

ఇన్ని నెలలు ఉలుకూ పలుకూ లేనందుకు తిట్టుకో. ప్రయోగం వదిలేసి పరిగెత్తుకొస్తావని బావ నోరు కూడా నేనే కట్టేశాను.

నా కుడికంటి లోపల, వెనకవైపు గడ్డ. ఒక డాక్టరు కన్నే తీసేయాలన్నారు. ఇంకొకాయన ప్రోటాన్లతో చూద్దామన్నారు. నీ ఉత్తరం వచ్చాక "సంతకం పెట్టేద్దాం పదండి" అన్నాను బావతో.

కుర్చీలో కూర్చోబెట్టి ముఖానికి తొడుగు బిగించారు. "ఆ ఎర్రచుక్కనే చూడండమ్మా, కన్ను కదపకండి" అంది అక్కడి అమ్మాయి. చూశాను. నొప్పి లేదు, చప్పుడూ లేదు. నువ్వు చెప్పిన ఆ ఉరుకులాటంతా నా కంట్లోకి వచ్చి, రమ్మన్నంత దూరం వచ్చి ఆగుతోంది! ఒళ్లంతా పులకరించిందే. నువ్వు అమ్మ కడుపులో కదిలినప్పుడు, అమ్మ నా అరచెయ్యి అక్కడ పెట్టించింది. అప్పుడూ ఇలాగే ఊపిరి బిగబట్టాను.

నిన్న పరీక్ష చేశారు. గడ్డ చిన్నదైంది. చూపు మాత్రం కాస్త మసక. బస్సు ఇక నా చేతికివ్వరు, కొత్త డ్రైవర్లకు పాఠాలు చెప్పమన్నారు.

ఈ ఉత్తరమంతా ఎడమకన్ను మూసుకుని, ఆ కంటితోనే రాశాను. గీతలు వంకరపోయాయని నవ్వావో, చూడు!

అక్క