వెంగళపాళ్యానికి ఒక్క వాక్యం

వెంగళపాళ్యం,
5-6-78

చిరంజీవి ధనంజయకు అక్క భారతమ్మ దీవెనలు.

ఆ తల్లి దయవల్ల ఇక్కడ అందరమూ క్షేమం. మా పంకజాక్షి తొలికాన్పుకు వచ్చింది. ఏడో నెల. నెలనెలా చిత్తూరు ఆసుపత్రిలో చూపించాలి. మూడు మైళ్లు నడిస్తే గాని బస్సు లేదు.

ఇప్పుడు జయరావు పాకాల నుంచి చిత్తూరుకు కొత్త బస్సు వేస్తున్నాడు. మన వైపు ఆపేది ఒక్క చోటే, వెంగళపాళ్యంలో. రైలు హాల్టు దగ్గరి వాళ్లు అది తమ ఊరేనంటున్నారు. హాల్టు బోర్డు మీదా అదే పేరు మరి. జయరావు మన ఇంటికి వచ్చి, "నీ తమ్ముడు తిరపతి కాలేజీలో చరిత్ర చెప్తాడంట కదమ్మా. ఆయప్ప యాడ అంటే ఆడ నిలుపుతాను" అన్నాడు.

నేను శుక్రవారం దీపం పెట్టే వెంగళమ్మ గుడి ఉన్న ఊరే వెంగళపాళ్యమని ఒక్క వాక్యం రాసి పంపు.

ఇట్లు,
మీ అక్క

తా.క. ఒక్క వాక్యం చాలు.


తిరుపతి,
12-6-78

పూజ్యురాలైన అక్కకు ధనంజయ నమస్కారాలు.

అక్కా, నువ్వడిగిన వాక్యం రాయడానికి చేయి రాలేదు. ఆ పేరు నువ్వనుకున్నంత చిన్నది కాదు. రాయల కాలంలో వెంగళపాళ్యమంటే పన్నెండు పల్లెల సీమ. పాళెగాళ్ల నాటికి ఏటి వంక అవతల దిబ్బ మీది కోటకే ఆ పేరు. కోట పడిపోయాక జనం వంక దాటి వచ్చి మన ఊరు కట్టుకున్నారు, పేరును వెంట తెచ్చుకున్నారు. తరువాత దొరలు దాన్ని రైలు హాల్టుకు తగిలించారు.

ఇదంతా జయరావుగారికి పద్నాలుగు పేజీలు రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. చదివినవాడికి ఇక సందేహం ఉండదు.

నీ తమ్ముడు,
ధనంజయ

తా.క. పద్నాలుగో పేజీ చివర మన ఊరి ప్రస్తావన కూడా ఉంది.


వెంగళపాళ్యం,
2-7-78

చి. ధనంజయకు,

జయరావుకు సందేహం లేదు. నిన్న బస్సును దిబ్బ దగ్గర నిలిపి టెంకాయ కొట్టినాడు. "రాజులుండిన తావు కదమ్మా, అసలు ఊరు అదేనని మీ తమ్ముడే రాసినాడు" అంటాడు.

కండక్టరు దిగి వెంగళపాళ్యం, వెంగళపాళ్యమని అరిచినాడట. దిబ్బ మీద ఉన్నది మేకలు కాసే కుప్పయ్య ఒక్కడే. "ఎక్కేటివి మేకలే సామీ. టికెట్టు యాడ పెట్టుకుంటాయి?" అని అడిగినాడట.

మన వీధి నుంచి దిబ్బకు ఒకటిన్నర మైలు. పంకజాక్షికి కాళ్లు వాచినాయి. జయరావుకు మళ్లీ రాయి. చిన్నగా రాయి.

అక్క

తా.క. మేకలకు అలవాటైంది. హారను వినబడితే వరుసగా నిలబడుతున్నాయట.


తిరుపతి,
10-7-78

అక్కకు నమస్కారాలు.

పంకజాక్షి సంగతి చదివి బాధ కలిగింది. వెంటనే జయరావుగారికి అనుబంధం రాశాను, ఆరు పేజీలే. ఒక కాలానికే పెద్దపీట వేసి మిగతా కాలాలకు అన్యాయం చేయరాదని గట్టిగా చెప్పాను. ఆయన అర్థం చేసుకునే మనిషి.

ధనంజయ

తా.క. ఆ కోట దిబ్బకు బస్సు పోతున్నదంటే మా కాలేజీలో ఎవరూ నమ్మడం లేదు. టికెట్టు ఒకటి పంపగలవా?


వెంగళపాళ్యం,
24-7-78

ధనంజయకు,

జయరావు బాగానే అర్థం చేసుకున్నాడు. సోమ, మంగళ, బుధవారాలు పాళెగాళ్లవి, దిబ్బ దగ్గర ఆపుతాడు. గురు, శుక్రవారాలు దొరలవి, హాల్టు దగ్గర. శనివారం రాయలది. ఆ రోజు పన్నెండు పల్లెలూ తిరిగి బస్సు సాయంత్రానికి చిత్తూరు చేరుతుంది, ఆసుపత్రి మూసినాక. ఆదివారం బస్సుకు సెలవు.

ఇప్పుడు బతికి ఉన్నందుకు మాకు వారం మిగలలేదు.

నేను జపం చేసుకుంటూ నీ పేరు తలుచుకోవలసి వస్తున్నది. అది మంచిది కాదు. ఒక్క వాక్యం.

అక్క

తా.క. టికెట్టు పంపను.


తిరుపతి,
1-8-78

అక్కకు,

రాశాను. "వెంగళపాళ్యమంటే వెంగళమ్మ గుడి ఉన్న ఊరు." అంతే. నా మనస్సాక్షి కోసం చివర నక్షత్రంలాంటి చుక్కగుర్తు పెట్టి, కింద చిన్న అక్షరాలతో "ప్రస్తుతానికి" అని చేర్చాను. దానివల్ల నష్టమేమీ ఉండదు.

ధనంజయ


వెంగళపాళ్యం,
4-9-78

చిరంజీవి ధనంజయకు అక్క దీవెనలు.

నీ వాక్యం అందినాక జయరావు మూడు వారాలు ఆలోచించినాడు. "ప్రస్తుతానికంటే ఎన్నాళ్లకమ్మా? మళ్లా మార్చేదుంటే బస్సు బోర్డుకు రంగు దండగ కదా" అన్నాడు.

ఆ మూడో వారంలో మంగళవారం పంకజాక్షిని దిబ్బ దాకా నడిపించి బస్సు ఎక్కించినాను. ఎక్కగానే నొప్పులు మొదలైనాయి. డ్రైవరు మునస్వామి వెనక్కి తిరిగి నా ముఖం చూసినాడు.

"మంత్రసాని యాడుండాదమ్మా?"

"వెంగళమ్మ గుడి పక్కన, నాయనా."

వంకలో నీళ్లు లేవు. బస్సును ఇసుకలో దించి, గట్టెక్కించి, గుడి ముందర నిలిపినాడు. బస్సులో ఉన్నవాళ్లు ఎవరూ గొణగలేదు. బిడ్డ ఏడుపు వినబడినాకే చిత్తూరుకు కదిలినారు. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. పేరు వెంగళమ్మ.

మొన్న బిడ్డను ఉయ్యాల తొట్టిలో వేసినాము. జయరావు వచ్చినాడు. మునస్వామి తొట్టి పక్కన నిలబడి, "సామీ, దిబ్బ మీద రాజు లేడు. హాల్టులో రైలు నిలబడదు. పిలిస్తే పలికే వెంగళమ్మ ఈడ ఉండాది. రేపటినుంచి నేను ఈడనే నిలుపుతా, తీసేస్తే తీసెయ్యండి" అన్నాడు. జయరావు బిడ్డను చూసి, సరేనన్నాడు. నీ ఇరవై పేజీలూ తెచ్చి నా చేతికిచ్చినాడు. బిడ్డ కింద పరిచే గుడ్డలకు అడుగున వేసినాను. తడి బాగా పీలుస్తున్నాయి.

బిడ్డను చూడడానికి రా. బస్సు గుడి ముందరే ఆగుతుంది.

ఇట్లు,
అక్క భారతమ్మ

తా.క. వచ్చేటప్పుడు ఒక చిన్న కుంచె, కొంచెం తెల్లరంగు తీసుకురా. జయరావు నీ వాక్యం మీద గౌరవంతో బోర్డు మీద ఊరి పేరు పక్కన చుక్కగుర్తు పెట్టించి, కింద "ప్రస్తుతానికి" అని కూడా రాయించినాడు. అది తుడిపినాకే నీకు అన్నం.