సూది పట్టే చేతికి స్టీరింగు ఇచ్చిన వైనం

రాష్ట్ర నర్సింగ్ బోర్డులో లైసెన్సులు చూసే అధికారి గారి సముఖమునకు, హార్లో క్రాసింగ్ కాపురస్థుడు, ధాన్యం గోదాములో పనిచేసి విరమించినవాడు, రెండు మూత్రపిండాలూ విరమించినవాడు అయిన డెల్మర్ కుచెరా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: టెక్సస్‌లో పదహారేళ్లు డయాలసిస్ నర్సుగా పనిచేసి, భర్త ఉద్యోగం మారినందున తమ రాష్ట్రానికి వచ్చిన రోవేనా ఇలగాన్‌కు ఇంగ్లిష్ వచ్చునో రాదో తమకు తేలనందువల్ల, మా ఊరి డయాలసిస్ కేంద్రం మూతపడబోవుట గురించి.

1. తమ నిబంధనలను కళ్లద్దాలు మార్చి మార్చి చదివితిని. టెక్సస్ మనిషి నరంలో దిగిన సూది మన రాష్ట్రం మనిషి నరంలో కూడా దిగుతుందని నమ్మడానికి వీల్లేదని గ్రహించితిని. ఇందుకు ఆక్షేపణ లేదు. ఎవరి జాగ్రత్త వారిది.

రోవేనా ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో నర్సింగ్ చదివింది. ఈ దేశం వచ్చే ముందు ఇంగ్లిష్ పరీక్ష రాసి గెలిచింది. ఆ ఫలితానికి గడువు చెల్లిందని తమరు సెలవిచ్చారు. పాలు విరుగుతాయని తెలుసు, గుడ్లు మురుగుతాయని తెలుసు. ఇంగ్లిష్‌కు కూడా గడువుంటుందని ఈ వయసులో తెలుసుకున్నాను. పాఠాలు ఇంగ్లిష్‌లోనే చెప్పామని కాలేజీవారు రాసిస్తే పరీక్ష అక్కర్లేదన్నారు. వాళ్లు రాసిచ్చారు. తమ నమూనా కాగితం మీద కాక సొంత కాగితం మీద రాశారని తమరు తిప్పిపంపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే కాబోలు. మళ్లీ పరీక్ష రాద్దామంటే మార్చి దాకా ఖాళీ లేదట.

2. ఈలోగా పొట్టగడవాలి గనుక రోవేనా మా ఊరి రోగుల వ్యాన్ నడుపుతున్నది. మంచు గడ్డకట్టిన రోడ్డు మీద ఆరుగురు ముసలివాళ్లను కేంద్రానికి తోలుకెళ్లడానికి తమ బోర్డుకు అభ్యంతరం లేదు. కేంద్రం గుమ్మం దాటి మాలో ఎవరి చెయ్యయినా పట్టుకుంటే మాత్రం నేరం. కాబట్టి ఆమె బయట బెంచీ మీద కూర్చుని అద్దంలోంచి చూస్తుంది. లోపల ఉన్న ఒకే ఒక నర్సు డార్లీన్‌కు చూపు మందగించింది. మొన్న నాకు మూడోసారి కూడా సూది నరానికి తగల్లేదు. రోవేనా ఉండబట్టలేక తలుపు సందులోంచి, "డార్లీనక్కా, ఇంకాస్త పైన" అన్నది.

"నోర్మూసుకోవే తల్లీ," అన్నది డార్లీన్. "ఎవడైనా బోర్డుకి ఉత్తరం ముక్క రాశాడంటే నీ లైసెన్సు గోవిందా."

కొంచెం పైన గుచ్చింది. దిగింది. ఈ నేరాన్ని నేనే తమకు తెలియజేస్తున్నాను గనుక ఇంకెవరూ శ్రమపడనక్కర్లేదు.

3. పక్షవాతం వచ్చాక నా మాట ముద్దగా వస్తుంది. కన్నకొడుకు కూడా ఫోన్‌లో "ఏంటి నాన్నా, ఏంటి" అని నాలుగుసార్లు అడిగి, సరే సరే అని పెట్టేస్తాడు. అయినా తమ కార్యాలయానికి ఫోన్ చేసితిని. అక్కడి అమ్మాయి మర్యాదస్తురాలు.

"సార్, మీరు చెప్పేది ఒక్క ముక్క అర్థం కావట్లేదు. పక్కన ఇంగ్లిష్ వచ్చినవాళ్లెవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి," అన్నది.

పక్కన రోవేనా ఉంది. ఇచ్చాను.

"దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతున్నారండీ. మధ్యలో ఇంకో మాట కూడా అన్నారు గానీ, అది మీకక్కర్లేదు."

"హమ్మయ్య, థ్యాంక్సండీ. మీరు చెబితే ఎంత స్పష్టంగా ఉందో. ఎవరి దరఖాస్తు?"

"నాదేనండి. రోవేనా ఇలగాన్."

కాసేపు కీబోర్డు చప్పుడైంది.

"సారీ అమ్మా. మీకు ఇంగ్లిష్ వచ్చని ఇంకా రుజువు కాలేదు," అన్నది ఆ అమ్మాయి.

రోవేనా ఫోన్ పెట్టేసి పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పరీక్షకని ఆమె ఫోన్‌లో పెట్టుకున్న ఇంగ్లిష్ అభ్యాసపు యాప్‌తో నేను కూడా మాట్లాడి చూశాను. మీకిష్టమైన పండుగ గురించి చెప్పమన్నది. థ్యాంక్స్‌గివింగ్ గురించి చెప్పాను. సున్నా ఇచ్చింది. "తాతా, మీరు ఈ రాష్ట్రంలో నర్సుగా పనికిరారు," అన్నది రోవేనా. మా తాత కూడా ఇక్కడే పుట్టాడని మనవి.

4. ఈ నెలాఖరుకు డార్లీన్ రిటైరవుతున్నది. నర్సు లేనిదే కేంద్రం తెరవకూడదు. కనుక మూసేసి, మమ్మల్ని నగరంలోని ఆసుపత్రికి పంపుతారట. రానుపోను నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు, ఈ చలికాలంలో. మిగతా ఐదుగురు వెళతారేమో. నేను వెళ్లను. యంత్రం ఎక్కని మనిషి ఎన్నాళ్లుంటాడో డాక్టరు గారు విడమరిచి చెప్పారు, నాకు అర్థమైంది. చావంటే పెద్ద భయం లేదు. పనిచేసే యంత్రం లోపల, పని తెలిసిన మనిషి బయట బెంచీ మీద ఉండగా పోవాలంటేనే కడుపు మండుతున్నది.

కావున, కాలేజీవారి కొత్త కాగితమో పరీక్ష తేదీయో వచ్చేవరకు రోవేనాకు తాత్కాలిక అనుమతి ఇప్పించి, ఆ గుమ్మం దాటనివ్వవలసిందిగా వేడుకొనుచున్నాను. తీరిక ఉంటే చిత్తగించవలెను. లేకపోయినా, నెలాఖరులోగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(మంగళ, గురు, శనివారాల్లో యంత్రానికి విధేయుడు)
డెల్మర్ కుచెరా

తా.క.: ఈ చేతిరాత నాది కాదు. నా కుడిచెయ్యి పక్షవాతంతో పోయింది, ఎడమచెయ్యి సూదులది. వ్యాన్‌లో కూర్చుని నేను ముద్దముద్దగా చెబుతుంటే రోవేనా రాసింది. తమకు ఇందులో ఒక్క వాక్యం అర్థమైనా పరీక్ష అయిపోయినట్టే. మార్కులు వేయండి.

అయ్యా, ఇది రోవేనా రాస్తున్నది. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. "అధికారి గారు" అన్న చోట మాత్రం ఆయన వేరే మాట అన్నారు, నేను మార్చాను. నాలుగో అంశం చెబుతున్నప్పుడు కాసేపు పెన్ను పక్కన పెట్టాల్సి వచ్చింది. వెళ్లనంటే వెళ్లని మనిషి.

నది అవతలి రాష్ట్రం వాళ్లు నాకు లైసెన్సు ఇచ్చేశారు. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. వస్తానో రానో శుక్రవారంలోగా చెప్పమన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, వ్యాన్ జీతం చాలడం లేదు. గురువారం సాయంత్రం దాకా మీ ఫోన్ కోసం చూస్తాను. పైనదంతా ఆయనకు చదివి వినిపించి ఎడమచేత్తో సంతకం చేయించాను. ఈ నాలుగు ముక్కలు వినిపించలేదు.