నీడలోనే పడే రింగు

ప్రియమైన అక్కకు,

తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని నీ కుట్టు మిషను దగ్గరకొచ్చిన వాళ్లందరికీ చెప్పేసి ఉంటావు. ఏం ఉద్యోగమో మాత్రం చెప్పి ఉండవు, నీకే తెలీదు కదా. ఈ కొండమీద ఏయే మొక్కలు ఎక్కడ కలిసి కాపురం చేస్తున్నాయో, నన్ను పనిలో పెట్టుకున్న మొక్కల శాస్త్రం మేడమ్ పటం గీస్తోంది. ఆ కాపురాలు ఎవరూ కూల్చకుండా చూడాలట.

నా పని ఇనుప రింగు విసరడం. వెనక్కి తిరిగి, చూడకుండా, భుజం మీదుగా. అది పడ్డచోట ఉన్న మొక్కలే రాసుకుంటారు. చూసి విసిరితే మనిషి బుద్ధి తనకు నచ్చిన చోటికే పోతుందట. మోకాలి నొప్పితో మేడమ్ వెనకాల నెమ్మదిగా వస్తుంది, ముందు నడిచి విసిరేది నేనే.

ఇప్పటికి పటమంతా చెట్లకింద తడినేలలో మొలిచే నాచూ, ఫెర్న్ మొక్కలే. మేడమ్ దిగులుగా ఉంది. పైన గడ్డినేలలో ఏదో ఉందని ఆవిడ ఆశ, రింగేమో ఒక్కసారీ అక్కడ పడలేదు. ఏమీ లేదని పటం తేల్చేస్తే ఆ ముక్కని రాళ్ల క్వారీకి ఇచ్చేస్తారట, పాపం. నేను మాత్రం హాయిగా ఉన్నాను. ఒళ్లు పిసరంత కూడా కమల్లేదు.

నీ కోతి


ఒరేయ్ కోతీ,

ఎండల్లో కొండెక్కి ఒళ్లు కమలని మగాణ్ని నేనింతవరకు చూళ్లేదు. చిన్నప్పుడు బట్టలు ఆరేసి రమ్మంటే, ఆరేసిన దుప్పటి నీడలోనే నిద్రపోయిన ఘనుడివి నువ్వు. చూడకుండా విసిరిన రింగు ప్రతిసారీ చెట్టుకిందే ఎలా పడుతుందిరా? దానికీ వడదెబ్బ భయమా?

పొట్ట లోపలికి పీల్చి కొలతలిచ్చేవాళ్లు నా దగ్గరకీ వస్తారు. ఊపిరి వదలగానే చొక్కా గుండీలు తెగిపోతాయి. ఆవిడ పటం గతీ అంతే. వెళ్లి ఎండలో నిలబడు. ఇన్నాళ్లూ ఎందుకు నిలబడలేదో మేడమ్‌కి చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

నీ అక్క


ప్రియమైన అక్కకు,

ఉత్తరం రాస్తున్నానంటే చెప్పేశాననే కదా. మేడమ్ తిట్టలేదు, అదే నొప్పి. కళ్లజోడు తుడుచుకుని, "పద, మళ్లీ మొదటినుంచి" అంది.

మిట్టమధ్యాహ్నం గడ్డినేల నడుమ విసిరాను. పైకి ఎండుగడ్డే. కూర్చుని చూస్తే మొదళ్లలో చీమ తలంత పూలు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి, రకరకాలు. మేడమ్ మోకాలి సంగతి మర్చిపోయి బోర్లా పడుకుంది. అవన్నీ ఒకచోట చేరి బతికేది ఈ కొండమొత్తంలో ఇక్కడేనట. పటంలో ఆ ముక్కకి, కాపాడాల్సిన చోటని, పసుపు రంగు పడింది. క్వారీ సంగతి తేల్చే కమిటీ వాళ్లు అది చూసి క్వారీ వద్దనేశారు. మేడమ్ నాకు పని మాన్పించలేదు కూడా. ఇప్పుడు రింగు ఎక్కడ పడితే అక్కడే నేను.

ముక్కు మీద తోలు మాత్రం ఉల్లిపొరలా ఊడుతోంది. నవ్వుకోవడం అయ్యాక ఒక టోపీ కుట్టి పంపు.

నీ కమిలిన కోతి


ఒరేయ్ కోతీ,

మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పు. నిన్ను భరిస్తోందంటే కొండనేం ఖర్మ, దేన్నయినా కాపాడగలదు.

టోపీ నువ్వు బయల్దేరే ముందే కుట్టాను. నీ సంచి అడుగున, సబ్బు కింద పెట్టాను. అంటే ఇన్నాళ్లుగా ఆ సబ్బు అక్కడే ఉందన్నమాట.

రెండూ బయటికి తియ్యి.

నీ అక్క